వియ్యానికి వస్తాం, ఊడిగానికి కాదు

గాజువాకలో మేముండే వీధి చివర ఏటా వినాయకుడి పందిరి వేస్తారు. నిరుడు చవితికి పదిరోజుల ముందు కమిటీ కుర్రాళ్లు నలుగురు చందా పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చారు. చందా ఇచ్చాను. ఏటా ఇస్తాను. రసీదు రాసిచ్చాక వాళ్లలో పెద్ద కుర్రాడు కాస్త మొహమాటంగా అడిగాడు.

"టీచర్‌గారూ, మీది అరకు వైపంట కదా. నిమజ్జనం రోజున ఊరేగింపుకి థింసా వాళ్లని ఓ ఇరవైమందిని పిలిపించగలరా? ఆడవాళ్లయితే బాగుంటుంది. చీరలు మేమే కొంటాం, అందరికీ ఒకటే రంగు. బండి వెనకాల ఆడుకుంటూ వస్తే చాలు. మనిషికి ఐదొందలు, భోజనం పెడతాం."

"మరి వాయిద్యాలు?" అన్నాను.

"అవెందుకండీ, డీజే ఉంది కదా" అన్నాడు.

ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు. మా అబ్బాయితో కలిసి చదువుకున్నవాడు. నన్ను అవమానించాలని అడగలేదు, గౌరవిస్తున్నాననే అనుకున్నాడు. నేనీ వ్యాసం రాయడానికి కారణం అదే. అవమానించాలని వచ్చినవాడికి జవాబు చెప్పడం తేలిక. గౌరవం అనుకుంటూ మన చేత ఊడిగం చేయించుకునేవాడికి చెప్పడం కష్టం. ఆ జవాబు మన పిల్లలకీ, వాళ్లకి పాఠం చెప్పే మనకీ నోటికి రావాలి.

ముందే ఒక మాట. నేను పండగల మీద పగతో రాయడం లేదు. మా ఊరు అనంతగిరి మండలంలో, రైలు కట్టకి పైన. 1960లలో కొత్తవలస–కిరండోల్ లైను వేసినప్పుడు మా తాత ఆ కొండల్లో రాళ్లు మోశాడు. మా అయ్య అదే లైను మీద కిందికి దిగి విశాఖ పోర్టులో కూలీగా చేరాడు. నేను ఆరో తరగతి నుంచి ఈ నగరంలో హాస్టల్లో పెరిగాను. బడి రోజుల్లో నగరం, సెలవుల్లో కొండ. కాబట్టి ఈ పండగలు నేను బయట నిలబడి చూసినవి కావు. వాటి లోపల తిరిగినదాన్నే.

సింహాచలం గిరిప్రదక్షిణకి మా అయ్య భుజాల మీద ఒకసారి, నా కాళ్ల మీద నాలుగుసార్లు వెళ్లాను. ఆషాఢ పౌర్ణమికి తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక, మాధవధార, గోపాలపట్నం చుట్టుకుని మళ్లీ అక్కడికే చేరాలి. 32 కిలోమీటర్లు. రాత్రంతా నడకే. దారి పొడుగునా ముక్కూమొహం తెలియనివాళ్లు మజ్జిగ ఇస్తారు, పులిహోర పెడతారు, వాచిన కాళ్లకి మందు రాస్తారు. నీదే కులం, నీదే ఊరు అని ఎవరూ అడగరు. ఆ ఒక్క రాత్రి ఈ నగరం నాకు సొంత ఊరిలా ఉండేది. ఆ రుణం నేను మర్చిపోను.

హరికథ అంటే ఇంకా ఇష్టం. మన పక్కనున్న విజయనగరం ఆదిభట్ల నారాయణదాసు నడిచిన నేల. శ్రీరామనవమికి రైల్వే కాలనీ పందిళ్లలో హరిదాసు చిడతలు పట్టుకుని, గజ్జె కట్టి, ఒక్కడే రాముడై, రావణుడై, ఏడ్చే తల్లై నిలబడితే నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని. ఇప్పుడు నేను తరగతిలో పాఠం కథలా చెబుతానని పిల్లలు అంటారు. అది ఆ పందిళ్లలో నేర్చుకున్నదే.

ప్రశ్న కూడా ఆ పందిట్లోనే పుట్టింది. ఒక ఏడు మా నానమ్మ నన్ను చూడ్డానికి కొండ దిగి వచ్చింది. ఆ సాయంత్రం హరికథలో శబరి ఘట్టం. అడవిజాతి ముసలిది కొరికిన ఎంగిలి పండునైనా రాముడు కాదనకుండా తిన్నాడని, ఆయన దయ అంతటిదని దాసుగారు గొంతు వణికిస్తూ చెబుతున్నారు. పందిరంతా చేతులు జోడించింది. నేనూ జోడించాను. నానమ్మ నా చెవి దగ్గరికి వంగి మెల్లిగా అంది:

"ఒలే గుంటా, పిల్లడికి పండు పెట్టేముందు కొరికి సూడరేటి? పుల్లగుందో తియ్యగుందో ఎలా తెలుత్తాది? ఆయమ్మ తల్లిలాగ సూసింది. తినీసినోడిది గొప్పేటి, పెట్టినామెది కదా గొప్ప?"

నాకప్పుడు పన్నెండేళ్లు. నానమ్మకి కథ అర్థం కాలేదనుకున్నాను. పెద్దయ్యాక తెలిసింది, అర్థం కానిది నాకే. వాల్మీకి రామాయణంలో శబరి రాముడికి అడవిలో ఏరి దాచిన పళ్లూ ఫలాలూ పెడుతుంది. ఎంగిలి మాట అందులో లేదు. తరవాతి కథకులు దాన్ని చేర్చుకున్నారు. రాముడి దయ పెద్దగా కనిపించాలంటే శబరి చెయ్యి చిన్నగా కనిపించాలి. ఆ ఏర్పాటు మా నానమ్మకి వెంటనే దొరికిపోయింది.

ఈ కథల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. శబరి పళ్లు ఇచ్చింది. ఏకలవ్యుడు బొటనవేలు ఇచ్చాడు. శ్రీకాళహస్తిలో తిన్నడు కళ్లు ఇచ్చాడు. చెంచులు ఆడపిల్లనే ఇచ్చారు. ఇచ్చేవాళ్లం ఎప్పుడూ మనమే. తిరిగి మనకి వచ్చింది మెప్పు. తిన్నడి కథలో పూజారి మడి ఓడిపోయి వేటగాడి ప్రేమ గెలుస్తుంది కదా అని మా తెలుగు మాస్టారు అనేవారు. నిజమే, ఆ కథ నాకూ ఇష్టమే. కానీ ఆ వేటగాడు గెలిచాక ఏమయ్యాడు? కన్నప్ప అయ్యాడు. తన దేవుణ్ణి వదిలి ఆ గుడి దేవుడిలో కలిసిపోయాడు. అంతకుముందు తిన్నడి ఊళ్లో ఏ దేవత ఉండేది, ఆ దేవతకి ఏ నెలలో పండగ, ఎవరు పూజ చేసేవారు అని ఏ హరికథా చెప్పదు. మన వైపు కథ ఎక్కడ మొదలవ్వాలో అక్కడే వాళ్ల కథ ముగిసిపోతుంది.

గిరిజన పిల్లల కోసం కేంద్రం దేశమంతా పెట్టిన గురుకులాలకి ఏకలవ్య పాఠశాలలని పేరు. మంచి బళ్లే, మన పిల్లలు చదువుకుంటున్నారు. కానీ పేరు పెట్టినవాళ్లు ఒక్క నిమిషం ఆలోచించారా? చదువు చెప్పనని గురువు గెంటేసినవాడు, సొంతంగా నేర్చుకున్నందుకు వేలు పోగొట్టుకున్నవాడు ఏకలవ్యుడు. ఆ బళ్లలో పనిచేసే మాస్టార్లూ, టీచర్లూ, ఆ పాఠం వచ్చినప్పుడు గురుభక్తి గొప్పదని చెప్పి ముగించకండి. ఆ గురువు చేసింది న్యాయమేనా అని పిల్లల్ని అడగండి. చెయ్యెత్తి జవాబు చెప్పనివ్వండి.

ఇప్పుడు ఆ కుర్రాడు అడిగిన థింసా సంగతికి వస్తాను.

థింసా ఒక్కటి కాదు. గ్రామదేవత పూజకి ఆడేది బోడ థింసా. పులిని తలచుకుని ఆడేది బాగ్ థింసా. గణాచారికి దేవత పూనినప్పుడు ఆడేది బాయ థింసా. గుండేరి, గొడ్డి బేట, నాటికారి, కుండా, పోతర్ తోల, దేనికదే వేరు. దేనికి వేళ ఉందో, దేనికి పెళ్లి కావాలో, దేనికి దేవత కావాలో పెద్దవాళ్లకి తెలుసు. తుడుం, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ములు మోగాలి. అన్నిటికంటే ముందు చుట్టు కావాలి. ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు అల్లుకుని, ముసలమ్మా కొత్త కోడలూ చిన్నపిల్లా ఒకే గొలుసుగా తిరగాలి. ముందున్నామె అడుగు మారిస్తే ఆఖరి పిల్ల దాకా ఆ అడుగు పాకాలి.

లారీ వెనక నడిచే వరసలో చుట్టు ఎలా తిరుగుతుంది? డీజే మోతలో తుడుం ఎవరికి వినిపిస్తుంది? అలా నడిచేది థింసా కాదు, థింసా చీర కట్టుకున్న నడక.

ఎవరైనా అర్చకుడి దగ్గరికి వెళ్లి, "పంతులుగారూ, మా ఊరేగింపులో లారీ వెనకాల నడుస్తూ అభిషేకం చేయండి, మంత్రాలు వద్దు, డీజే ఉంది, ఐదొందలిస్తాం" అని అడుగుతారా? అడగరు. అది పూజ అని వాళ్లకి తెలుసు కాబట్టి. మనది మాత్రం ఐటెం. బీచ్ రోడ్డులో ఉత్సవాల వేదిక మీద కూచిపూడి పిల్ల వస్తే ఆమె పేరు, గురువు పేరు మైకులో చదువుతారు. తరవాత మన వాళ్లు వస్తే, "ఇప్పుడు గిరిజన నృత్యం" అంటారు. ఇరవైమంది ఆడవాళ్లకీ కలిపి ఒకటే పేరు. పెద్దమనుషులు దిగొచ్చి గొలుసులో దూరి నాలుగు అడుగులు వేసి ఫొటో దిగి వెళ్లిపోతారు.

ఆ ఐదొందలు తీసుకునే అప్పల్నీ వదినల్నీ నేను తప్పుపట్టను. కాఫీ పళ్లు కోతకి రాని నెలల్లో ఆ డబ్బుతో పిల్లల ఫీజులు కట్టారు. ఆడమన్నవాడు ఏం ఆడమంటున్నాడో తెలుసుకోవాలంటున్నాను. పేరు అడగాలి, వాయిద్యాలకి కూలి ఇవ్వాలి, చుట్టు తిరగడానికి జాగా ఇవ్వాలి, దేవత కోసం ఆడేది దేవత దగ్గరే ఉండనివ్వాలి. ఇది పెద్ద కోరికా?

ఇక కొండ సంగతి. ఇదే అన్నిటికంటే పెద్దది.

గిరిప్రదక్షిణలో లక్షలమంది చుట్టి వచ్చేది గుడిని మాత్రమే కాదు, ఒక కొండని. అంటే కొండ దేవుడవుతుందని ఈ నగరానికి తెలుసు. కాళ్లు పుండ్లు పడేదాకా నడిచి మొక్కేంత బాగా తెలుసు. మన నిశాని దేవత ఊళ్లో నిలిపిన రాయి. జాకర దేవతకి ఊరి బయట చెట్ల నీడే గుడి. కొండా చెట్టూ రాయీ దేవుళ్లంటే నగరంలో చాలామంది ముసిముసిగా నవ్వుతారు. వాళ్లే ఆషాఢంలో కొండ చుట్టూ నడుస్తారు.

నవ్వితే నవ్వనీ. 2015 నవంబరులో చింతపల్లి అడవుల్లో, జెర్రిల కొండల మీద బాక్సైట్ తవ్వడానికి జీవో 97 వచ్చింది. ఏజెన్సీ అంతా లేచింది. జీవో ఆగింది. ఆ రోజుల్లో కార్తీకమాసం పూజల మైకులు ఈ నగరంలో వీధివీధినా మోగుతున్నాయి. అవీ దేవుళ్లున్న కొండలే, తవ్వకండని నేను విన్న మైకుల్లో ఒక్కటీ అనలేదు. బొర్రా గుహలకి వచ్చే యాత్రికులు లోపలి రాతిలో శివలింగాన్ని చూసి దండం పెడతారు. ఆ బొర్రా పంచాయతీలోనే గనుల లీజుల మీద నడిచిన కేసులో 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకీ ప్రైవేటు కంపెనీలకీ లీజుకి ఇవ్వకూడదని చెప్పిన తీర్పు అది. లింగానికి దండం పెట్టినవాళ్లలో ఎందరికి ఆ తీర్పు పేరు తెలుసు?

మా తాత రాళ్లు మోసిన ఆ రైలు లైను ఎందుకు వేశారు? బస్తర్‌లోని బైలదిల్లా కొండల నుంచి ఇనుప రాయి విశాఖ పోర్టుకి దించి జపాన్‌కి పంపడానికి. ఆ తరవాత ఉక్కు కర్మాగారానికి కూడా ఆ కొండల రాయే వచ్చింది. బైలదిల్లా అంటే ఎద్దు మూపురం. ఆ వరసలోనే నందరాజు కొండ ఉంది, అక్కడి ఆదివాసుల దేవుడు. 2019 జూన్‌లో ఆ కొండని తవ్వొద్దని వేలమంది విల్లంబులు పట్టుకుని కిరండోల్ వచ్చి రోజుల తరబడి కూర్చున్నారు. దసరాకి విశాఖలో ప్రతి యంత్రానికీ, ప్రతి లారీకీ, ప్రతి రెంచీకీ పసుపు కుంకుమ పెట్టి ఆయుధపూజ చేస్తారు. ఇనుముకి బొట్టు పెట్టే చెయ్యి ఆ ఇనుము ఏ దేవుడి మూపురం కోసి తెచ్చిందో అడగదు.

అడిగితే ఏమవుతుందో రాయగడ వైపు చూడండి. నియమగిరిని డోంగ్రియా కొంధులు నియమరాజు అంటారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ కొండ మీద వాళ్ల మతహక్కు సంగతి గ్రామసభలే తేల్చాలంది. 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. గుడి లేదు, విగ్రహం లేదు, గోపురం లేదు. అయినా దేశంలోని అతి పెద్ద కోర్టు ఆ కొండలోని దేవుణ్ణి లెక్కలోకి తీసుకుంది. కోర్టుకి అర్థమైనది గిరిప్రదక్షిణ చేసేవాళ్లకి అర్థం కాదా?

ఇక్కడ ఒక పెద్దమనిషి తప్పకుండా లేస్తాడు. "అమ్మా, ఇదంతా ఎందుకు? మీరూ హిందువులే కదా. అడవిలో తప్పిపోయిన మన బిడ్డలే కదా" అంటాడు. ప్రేమగానే అంటాడు. మనం తప్పిపోలేదు బాబూ. మేమున్న చోటే ఉన్నాం. మీరే మా వైపు చూడలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం తీసి రెండో సెక్షను చదవండి. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డు తెగలకి ఈ చట్టం వర్తించదని రాసి ఉంటుంది. మన పెళ్లికి మన ఆచారమే చట్టం. ఆ సంగతి ఢిల్లీకి తెలుసు, వీధి చివర పెద్దమనిషికి తెలియదు.

రాబోయే జనగణనలో మతం గడి దగ్గర ఏం రాయాలని మీ పిల్లలు మిమ్మల్ని అడుగుతారు. 2011లో జార్ఖండ్ చుట్టుపక్కల దాదాపు 50 లక్షల మంది తమ మతం సర్నా అని రాయించారు. 2020లో జార్ఖండ్ శాసనసభ దానికి వేరే గడి కావాలని తీర్మానం చేసింది. ఏం రాయాలో నేను చెప్పను. హిందువు అని రాసేవాళ్లు మన ఊళ్లో ఉన్నారు, క్రైస్తవులమని రాసేవాళ్లూ ఉన్నారు. ఎవరి మనసు వాళ్లది. లెక్కలకి వచ్చిన మనిషి మనల్ని అడక్కుండా రాసుకుపోతే మాత్రం ఊరుకోకూడదు.

చర్చి సంగతి కూడా చెప్పకపోతే నా మాట అబద్ధం అవుతుంది. మా పక్క ఊళ్లో ఒక పాస్టరుగారు థింసా దెయ్యాల ఆట అని మాన్పించాడు. ఆ ఊళ్లో ఇప్పుడు తుడుం మూలపడి ఉంది. ఒకరు మన ఆటని ఊరేగింపులో కట్టేస్తే ఇంకొకరు మూలన పడేశారు. ఈ మధ్య మతం మారినవాళ్లని ఎస్టీ జాబితా నుంచి తీసేయాలని కొందరు అడుగుతున్నారు. ఈ రోజున్న చట్టం ప్రకారం ఏ మతం పట్టినా తెగ తెగే. ఆ మాట పట్టుకుని అన్నదమ్ములం రెండుగా చీలామంటే, పోయేది దేవుళ్లు కారు, భూములు.

ఇప్పుడు మన బళ్ల దగ్గరికి. 2025 ఏప్రిల్‌లో అరకులోయలో వేలమంది గిరిజన విద్యార్థుల చేత 108 సూర్యనమస్కారాలు చేయించారు. జూన్‌లో వేలమందిని విశాఖకి తీసుకొచ్చి మళ్లీ చేయించారు, గిన్నిస్ రికార్డు వచ్చింది. పిల్లలు కష్టపడ్డారు, క్రమశిక్షణ చూపించారు, వాళ్లని చూసి నాకూ గర్వమే. వ్యాయామం ఎవరికైనా మంచిదే. కానీ మాది కొర్రా వంశం. కొర్రా అంటే సూర్యుడు. కిల్లో అంటే పులి, పాంగి అంటే గద్ద, వంతాల అంటే పాము, గొల్లోరి అంటే కోతి. ఆ మైదానాల్లో కొర్రా పిల్లలు వందల్లో ఉండి ఉంటారు. సూర్యుడు మీ ఇంటిపేరే కదమ్మా, మీ ఇళ్లలో సూర్యుణ్ణి ఏమని తలుస్తారు అని వాళ్లలో ఒక్కరినైనా అడిగారా? సూర్యుణ్ణి ఇంటిపేరుగా పెట్టుకున్న పిల్లకి సూర్యుడికి ఎలా దండం పెట్టాలో బయటి నుంచి వచ్చి నేర్పించారు. రికార్డు పుస్తకంలో పిల్లల సంఖ్య ఉంది. వంశం పేరు లేదు.

దీనికి ప్రభుత్వాన్ని ఒక్కదాన్నే అనను. మన బళ్లలో సంక్రాంతికి ముగ్గులు వేయిస్తున్నాం, చవితికి మట్టి బొమ్మ చేయిస్తున్నాం, క్రిస్మస్‌కి నక్షత్రం కడుతున్నాం. చైత్రంలో ఇటికల పండగ వస్తే హాజరు పట్టీలో ఆబ్సెంటు వేస్తున్నాం. గోడ క్యాలెండర్లో దానికి ఎర్ర అంకె లేదు కాబట్టి మనకీ లేదు. మామిడి కొత్త, సామ కొత్త, కొర్ర కొత్త, చిక్కుడు కొత్త, ఏ పంటైనా దేవతకి పెట్టకుండా నోట పెట్టుకోని జనం మనం. ఆ కట్టుబాటులో ఎంత సైన్సుంది, ఎంత లెక్కుంది! ముదరని కాయ కోయకుండా అడవిని కాపాడిన కట్టుబాటు అది. దాన్ని పాఠంగా చెప్పినవాళ్లం ఎందరం?

చెప్పకపోవడానికి కారణం నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అలాంటిదాన్నే. హాస్టల్లో ఎవరైనా మీ పండగేమిటని అడిగితే సంక్రాంతి అనేదాన్ని. నానమ్మ హాస్టలుకి వస్తే ముక్కుకి మూడు పోగులు చూసి పిల్లలు నవ్వుతారని గేటు దగ్గరే మాట్లాడి పంపించేశాను. ఆ రోజు ఆమె తెచ్చిన రాగి పిండి మూట పట్టుకుని వెనక్కి చూడకుండా లోపలికి వచ్చేశాను. నన్ను ఎవరూ ఊడిగానికి పెట్టలేదు అక్కడ. నేనే పెట్టుకున్నాను. ఊరేగింపులో నడవమన్న కుర్రాడి కంటే ఆ రోజు నేను చేసింది పెద్ద తప్పు.

అందుకే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ మాట ముందు మనకి, తరవాత వాళ్లకి. మీ ఊరి థింసాల పేర్లు ఎన్నో రాసి పెట్టుకోండి. ఏ దేవతకి ఏ నెలలో పూజో, దిశారి రోజు ఎలా లెక్క కడతాడో పెద్దల్ని అడిగి రాయండి. ఆ పెద్దలు ఇంకెన్నాళ్లో ఉండరు. టీచర్లూ, ఇటికల పండగకి బడి పిల్లల్ని ఊళ్లోకి తీసుకెళ్లండి, దాన్నే ఆ రోజు పాఠం చేయండి. నగరంలో ఎవరైనా పిలిస్తే వెళ్లండి, కానీ మన షరతు మీద వెళ్లండి.

అది కుదరదని అనకండి, కుదిరిన చోట్లున్నాయి. మేడారంలో సమ్మక్క–సారలమ్మ జాతరకి లక్షల మంది వస్తారు. ఏ కులం వాళ్లైనా బెల్లం బంగారంగా తూచి మొక్కుతారు. అయినా చిలకలగుట్ట నుంచి దేవతని దించి తెచ్చేది కోయ పూజారే. గద్దె మీద ఉండేది వెదురూ కుంకుమ భరిణే. ఇక అహోబిలం చూడండి. కనుమ నాటి నుంచి నెలకు పైగా నరసింహస్వామి పల్లకీ పారువేటకి ఊరూరా తిరుగుతుంది. చెంచుల అల్లుడు కదా, తన పెళ్లికి అత్తింటివాళ్లని స్వయంగా వెళ్లి పిలుస్తాడని అక్కడి జనం నమ్మకం. దేవుడైనా సరే, పిల్లనిచ్చినవాళ్ల గడపకి తానే వెళ్లాలి. అదీ వియ్యం అంటే. సింహాచలంలో ఉన్నదీ ఆ నరసింహుడే. ఈ నగరంలో ఆయన్ని కొలిచేవాళ్లకి నేను అడిగేది అంతకంటే ఎక్కువ లేదు. మా గడపకి రండి. మా ఇంటి పేరు అడగండి. మా దేవత ముందు చెప్పులు విప్పండి. తరవాత మీ పెళ్లికి పిలవండి. వస్తాం.

అక్షయ తదియ నాడు సింహాద్రి అప్పన్న మీది చందనం తీసేస్తారు. ఏడాదికి ఆ ఒక్కరోజే నిజరూపం. ఆ దర్శనం కోసం తెల్లవారకముందే ఎంత పొడుగు వరసలో జనం నిలబడతారో చూశాను. పూత తీస్తే అసలు రూపం చూడాలన్న అంత ఆశ ఉన్న నగరం ఇది. మా మీద పూసిన పూత సంగతి కూడా ఒకసారి అడిగితే బాగుండును.

ఆ రోజు చందా కుర్రాళ్లకి నేను ఇంత పొడుగు ఉపన్యాసం ఇవ్వలేదు. "ఊరేగింపుకి తీసుకురాను బాబూ. చైత్రంలో మా ఊరు రండి. అక్కడ చూసి, అప్పుడు ఏం అడగాలో అడగండి" అన్నాను. నవ్వి వెళ్లిపోయారు. నిమజ్జనం డీజేతోనే జరిగింది.

చైత్రంలో ఆ పెద్ద కుర్రాడూ ఇంకొకడూ నిజంగానే కిరండోల్ పాసింజరు ఎక్కి వచ్చారు. స్టేషను నుంచి ఊరికి వచ్చే దారిలో మా ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా దుంగ వేసి కూర్చున్నారు. పండగ డబ్బులు ఇవ్వందే దుంగ తీయరు. అది ఆనవాయితీ. కుర్రాళ్లు బేరమాడారు, ఓడిపోయారు, రెండొందలు ఇచ్చారు. పెద్దవాడు నవ్వుతూ "రసీదు ఇస్తారా?" అని అడిగాడు. మా పిన్ని వాణ్ణి ఎగాదిగా చూసి, "రసీదేటి బాబూ, దేవత సూత్తంది కదా" అంది.

ఆ రాత్రి గొలుసు చివరన వాళ్లకి చోటిచ్చారు. కొత్తవాళ్ల చోటు అదే. అడుగు తప్పినప్పుడల్లా ఆడపిల్లలు నవ్వారు. తెల్లారి బయల్దేరేముందు ఆ కుర్రాడు నా దగ్గరికి వచ్చి, "టీచర్‌గారూ, రాత్రి ఆడింది ఏ థింసా?" అని అడిగాడు.

నిరుడు చవితికి ముందు అడగాల్సిన ప్రశ్న అది. అక్కడి నుంచి మొదలుపెడితే వియ్యం కుదురుతుంది. అది అడగనంతకాలం, ఎంత పెద్ద పందిరైనా, ఎంత గొప్ప దేవుడైనా, లారీ వెనక మన ఆడవాళ్లు నడవరు.